నోటికి ఒక్కటే జవాబు

తోలుబొమ్మలాట వాళ్ళ వేషంలో పొగకొండ దాకా క్షేమంగా వచ్చిన నలుగురి గుట్టునూ ఒక మేక బయటపెట్టింది.

యువరాజు ఉదయకేతుడి గడ్డం జనపనారతో చేసినది. మాంత్రికుడు ధూమ్రకేశుడి కావలివాళ్ళు బండిలోని బొమ్మల్ని దులిపి దులిపి చూస్తూ ఉండగా, ఆ మేక వెనకపాటున వచ్చి గడ్డాన్ని సగం దాకా నమిలేసింది. మిగిలిన సగాన్ని అరచేత్తో కప్పుకుని, "పంటినొప్పి" అని మూలిగాడు యువరాజు. కావలివాళ్ళు నమ్మారు కూడా. మేక మాత్రం తక్కిన సగం కోసం మళ్ళీ వచ్చింది.

"వైడూర్యపురం యువరాజు! పట్టుకోండి!"

ఇక చూడాలి! ఉదయకేతుడి ఒరలోంచి కరవాలం మెరుపుతీగలా లేచింది. అతని వెంట వచ్చిన వస్తాదు బండెన్న, బండిని బొమ్మలతో సహా తలమీదికెత్తి గుంపు మీదికి విసిరాడు. అందులో మధ్యాహ్నం తిండి కూడా ఉందన్న సంగతి విసిరాక గుర్తొచ్చింది. ఆ బాధ ఎంతమందిని కొట్టినా తీరలేదు. సంతల్లో తాడు మీద నడిచి పొట్టపోసుకునే చకోరి, నడుముకు చుట్టుకున్న తాడు విప్పి పైనున్న రాతికొమ్ముకు వేసింది. నాలుగో మనిషి వాగీశ్వరమ్మ, రాచపిల్లల బడిలో పంతులమ్మ. ఆవిడ ఎవరినీ కొట్టలేదు. "కాస్త తప్పుకో నాయనా" అంటూ ఒక రాక్షసభటుడి కాలు తొక్కి, వాడు తప్పుకున్నాక తాడు పట్టుకుంది.

నలుగురూ పైకి చేరి తాడు లాగేసుకున్నారు. కావలివాళ్ళు కిందనే నిలబడిపోయారు. పైకి రావడానికి దారి లేక కాదు, ధైర్యం లేక. ఎందుకో పైన చూస్తే తెలిసింది.

పొగకొండ! నల్లకలువల రాశిని దేవతలెవరో ఆకాశంలో కుమ్మరించినట్టు నీలిపొగలు సుడులు తిరిగే శిఖరం. ఆ శిఖరం మీద ఎండకు కణకణలాడే రాగిస్తంభం. దిగువన, ఏనుగుల బారు తీరిగ్గా నడిచిపోగల చలువరాతి వేదిక. వేదిక చివర, కొండ గుండెలోకి తొలిచిన మహాద్వారం. దాని నెత్తిన ఒక రాతి సింహం ముఖం. కళ్ళలో కెంపులు, కోరల నడుమ నిప్పునాలుక. ఇక వేదిక నిండా శిలావిగ్రహాలు. కిరీటాల రాజులు, గండపెండేరాల పండితులు, కోరమీసాల సేనానులు. ఏ ఒక్కరి నోరూ మూసి లేదు. అందరూ ఏదో చెప్పబోతూ శిలలైపోయినవాళ్ళే.

"జవాబు తప్పు చెప్పినవాళ్ళు" అంది వాగీశ్వరమ్మ నెమ్మదిగా.

ఉదయకేతుడు విగ్రహాల వంక చూడలేదు. అతని చూపంతా రాగిస్తంభం మీద ఉంది. అతని చెల్లెలు మధూలికను, ఉద్యానవనంలో ఉయ్యాల ఊగుతున్న పిల్లను, ధూమ్రకేశుడు పొగతెరలో చుట్టి ఎత్తుకొచ్చాడు. సూర్యుడు ఆ స్తంభం నెత్తికి వచ్చే క్షణానికి ఆమె ఒళ్ళంతా పొగైపోయి, మాంత్రికుడి జడలో ఒక పాయగా కలిసిపోతుంది. ధూమ్రకేశుడి జుట్టంతా అలా కలిసినవారే. సూర్యుడేమో స్తంభానికి జానెడు దూరంలో ఉన్నాడు.

యువరాజు పరుగున వెళ్ళి తలుపు మీద కత్తితో వేటు వేశాడు. ఏడు తరాల కరవాలం ఎండిన పొట్లకాయ తీగలా పిడి దగ్గర పుటుక్కున విరిగింది. సింహం నవ్వింది. ఆ నవ్వుకు వేదిక అదిరింది.

"ద్వారాలు నాలుగు. నాలుగింటి మీదా నేనే ఉంటాను. నా మీద చెక్కిన శాసనం చూసుకోండి. దాని మీద ద్వారానికొక ప్రశ్న. నోటికి ఒక్కటే జవాబు. జవాబు చెప్పిన నోరు ఈ కొండలో మళ్ళీ పెగిలితే ఆ మనిషి శిల. తప్పు చెబితే శిల. శాసనంలోంచి కాక సొంత తలలోంచి చెప్పినా శిల!"

యువరాజు మొహం పాలిపోయింది. "అమ్మగారూ, నాలుగూ మీరే చెప్పేస్తారు కదా అని..."

"నేనూ అందుకే బయల్దేరాను నాయనా. బడి మానేసి నాలుగు రోజులు ఊళ్ళు తిరిగొద్దామనుకున్నాను. ఇక్కడా పాఠం తప్పేట్టు లేదు. కూర్చోండి."

"ఇప్పుడా? కింద కత్తులు! పైన ఎండ!"

"మనకెప్పుడూ చదువుకి వేళ కుదరదు బాబూ. కూర్చో."

ఉదయకేతుడికి ఆవిడ బడి కొత్త కాదు. ఆ బడి కిటికీ అతనికి ఇంకా బాగా తెలుసు. పాఠం మొదలుకాగానే అందులోంచి దూకేవాడు. కిటికీకి ఊచలు పెట్టించమని ఆవిడ ఎన్నోసార్లు మొరపెట్టుకుంది. రాజుగారు మాత్రం కొడుకు దూకే ఒడుపు చూసి మురిసిపోయేవారు.

"శాసనం చదవక్కర్లేదమ్మా, నాకు నోటికొచ్చు" అన్నాడు బండెన్న ఛాతీ విరిచి. నిజమే. వైడూర్యపురంలో అది నోటికి రానివాడు లేడు. పలకా బలపం పట్టిన రోజునుంచీ పిల్లలంతా వల్లించేది ఆ శాసనమే. బండెన్న చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, ఊగుతూ అందుకున్నాడు:

"మేఘవాహనుడు ముసలివాడై రాజ్యాన్ని కొడుకులకు పంచాడు. పెద్దవాడికి కొండలిచ్చాడు. నడిమివాడికి నదులిచ్చాడు. చిన్నవాడికి పాలిచ్చి పంపాడు. చిన్నవాడు తన పాలికి వచ్చిన బీళ్ళు దున్నుకుని బతికాడు. ఒక ఏడు వానలు విడవకుండా కురిశాయి. నదులు పొంగి ఊళ్ళు మునిగాయి. పెద్దవాడు కొండ మీద కూర్చుని చూశాడు. నడిమివాడు తలుపు వేసుకున్నాడు. చిన్నవాడి ఇంట మాత్రం వానలు వెలిసేదాకా పొయ్యి ఆరలేదు."

శాసనంలో ఉంది కనక వైడూర్యపురంలో అదే ఆచారం. ఆస్తులు పంచేనాడు పెద్దపిల్లలకు పొలాలు, నడిమివాళ్ళకు గొడ్లు. ఆఖరి బిడ్డకు చెంబెడు పాలు తాగించి, బొట్టు పెట్టి, వీధి గుమ్మం దాకా సాగనంపుతారు. చకోరి అలా సాగనంపిన బిడ్డే. ఆ చెంబు పాలు కూడా విరిగిపోయాయని ఆమె ఎప్పుడూ చెబుతూ ఉంటుంది.

"బాగా చదివావు బండెన్నా. పెద్దవాడు ఎక్కడ కూర్చున్నాడు?" అంది వాగీశ్వరమ్మ.

బండెన్న మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. "మేఘవాహనుడు ముసలివాడై..."

"అంత దూరంనుంచి రాకు! అడిగినంతే."

"మధ్యలోంచి రాదమ్మా నాకు. మొదట్నుంచి పట్టుకుంటేనే వస్తది."

"సరే, మనసులో మొదట్నుంచే పట్టుకో. పైకి మాత్రం అడిగిన మాటే చెప్పు. ఉట్టి మీద నెయ్యి ఉందనుకో. నెయ్యి ఏదంటే చెయ్యి పెట్టి తెచ్చిస్తావా, వంటిల్లంతా ఊడ్చుకొచ్చి వడ్డిస్తావా? కంటికి కనబడే జవాబు కొన్ని ప్రశ్నలకి. వాటికి కన్ను చాలు. ఆ రకం నీది."

"నాకు తెలివి అక్కర్లేని ప్రశ్న ఇచ్చారన్నమాట."

"నోరు అదుపులో పెట్టుకోవాల్సిన ప్రశ్న ఇచ్చాను. అది తెలివికన్నా కష్టం." తరువాత చకోరి వైపు తిరిగింది. "నువ్వు చెప్పవే. ‘రాజు భటుడికి వేలిచ్చి పంపాడు.’ ఏమిచ్చాడు?"

"అయ్యో, కోసిచ్చాడా!" అన్నాడు బండెన్న.

చకోరి నవ్వాపుకుంది. "ఆ తరవాతేం జరిగింది పంతులమ్మ గారూ?"

"అదీ! అలా అడగాలి. ‘భటుడు మేడ కట్టుకున్నాడు.’"

"అయితే వరహాలు. వేలకి వేలు."

"మాటకి అర్థం మాటలో ఉండదు, ఇరుగుపొరుగు మాటల్లో ఉంటుంది. తాడు మీద అడుగు వేసే ముందు అటూ ఇటూ చూస్తావు చూడు, అంతే. అలవాటైన మాటే కదా అని కళ్ళు మూసుకుని నడిచావో, పడతావు."

సూర్యుడు స్తంభానికి మరో నాలుగు వేళ్ళు దగ్గరయ్యాడు. యువరాజు లేచి పచార్లు మొదలుపెట్టాడు.

"యువరాజా, పొరుగింటి పెరట్లో పది ఎంగిలి విస్తళ్ళు కనబడ్డాయి. ఎవరూ నీతో ఏమీ చెప్పలేదు. నీకేం తెలిసింది?"

"మనల్ని పిలవలేదని!" అన్నాడు బండెన్న, మనసు నొచ్చుకుని.

"అదీ తెలుస్తుందిలే. ముందు?"

"చుట్టాలొచ్చారని" అన్నాడు ఉదయకేతుడు విసుగ్గా. "కానీ అమ్మగారూ, రాయనిది చెబితే శిల అంటోంది ఆ సింహం. రాయని సంగతి ఎలా చెప్పేది?"

"విస్తళ్ళు రాసి ఉన్నాయి. చుట్టాలు రాసి లేరు. విస్తళ్ళు చూపించి చుట్టాల్ని చెప్పు, ఎవరూ కాదనరు. విస్తళ్ళు కూడా లేకుండా, ఆ వచ్చిన చుట్టాల పేర్లు చెప్పమని అడుగుతారు చూడూ, అది మోసం ప్రశ్న. దానికి జవాబు ‘ఇందులో లేదు’. ఆ రెండింటికీ తేడా తెలిస్తే చదువు అయినట్టే. ఇన్నాళ్ళూ నువ్వు చేసిందీ అదేగా! పరీక్షలో నా మొహం చూసి జవాబు పసిగట్టేవాడివి. నేను చెప్పేదాన్ని కాదు, నా మొహం చెప్పేసేది. ఆ శాసనానికీ మొహం ఉంది. అలాగే చూడు. మూడోది నువ్వు చెప్పు, కష్టమైన నాలుగోది నాకొదిలెయ్. పదండి."

మొదటి ద్వారం ముందు బండెన్న కొండలా నిలబడ్డాడు. సింహం గర్జించింది: "పెద్దవాడికి మేఘవాహనుడు ఏమిచ్చాడు?"

బండెన్న కళ్ళు మూసుకున్నాడు. ఊగడం మొదలుపెట్టాడు. పెదవులు మాత్రం బిగబట్టుకున్నాడు. నుదుటిమీద చెమట ధారగా కారుతోంది. లోపల మేఘవాహనుడు ముసలివాడైనట్టూ, రాజ్యం పంచినట్టూ అతని కనుబొమల కదలికల్లోనే తెలిసిపోతోంది. గోడల్లోంచి బల్లేలు ఒక్కో బెత్తెడు ముందుకు వస్తున్నాయి. ఒకటి అతని బొజ్జను తాకింది.

"కొండలు!"

అన్నాడు. ఆ వెంటనే వచ్చేస్తున్న "నడిమివాడికి" అన్న మాటను రెండు చేతులతో నోట్లోకి తిరిగి తోసేసుకున్నాడు. బల్లేలు ఇసుకలా రాలిపోయాయి. తలుపు తెరుచుకుంది!

రెండో ద్వారం దాకా నేల లేదు. అడుగున బుసలు కొట్టే నాగుల లోయ, మీద ఒక్క ఇనుప తీగ. చకోరి తీగ మీద నడిచి తాడు కట్టింది. తక్కినవాళ్ళు దాన్ని పట్టుకుని పాకారు. బండెన్న బరువుకు తాడు వంగినప్పుడు నాగులు ఆశగా పడగలెత్తాయి. అతను ఒక్క మాట అనలేక, కళ్ళతోనే వాటిని తిట్టుకుంటూ దాటాడు.

"చిన్నవాడికి పాలిచ్చి పంపాడు. ఏమిచ్చి పంపాడు?" అని అడిగింది తలుపు.

చకోరి నోరు తెరవబోయి ఆగింది. ఇంత తేలిక ప్రశ్నా? చెంబెడు పాలు! ఊరూవాడా తెలిసిన సంగతి. తానే తాగి వచ్చింది కూడా. తలుపు పక్కన ఒక విగ్రహం, దోసిట్లో చెంబు పట్టినట్టు చేతులు పెట్టి, నోరు తెరిచి నిలబడి ఉంది. ఆ చేతుల వంక చూసి చకోరి శాసనం వైపు తిరిగింది. వేలితో ఒక్కొక్క అక్షరం తడుముతూ చదివింది. పై వాక్యం. కింది వాక్యం. ‘రాజ్యాన్ని పంచాడు.’ ‘తన పాలికి వచ్చిన బీళ్ళు.’

పాలికి. తన పాలికి. పాలు తాగిన బలంతో బీళ్ళు దున్నాడనే ఇన్నేళ్ళూ పంతుళ్ళంతా అర్థం చెప్పారు. వెనక వాగీశ్వరమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆవిడా అలాగే చెప్పింది మరి, ఆచారం ఉండనే ఉంది కదా అని.

"పాలు కాదు... పాలు!" అంది చకోరి. సింహం కెంపుల కళ్ళు ఎర్రబారాయి. ఆమె తొణక్కుండా వాక్యం పూర్తి చేసింది. "తాగేవి కాదు, పంచేవి. పాలంటే వాటా. చిన్నవాడికీ వాటా ఇచ్చాడు. బీళ్ళు. కింది వాక్యంలో ఉంది."

తలుపు రెండుగా చీలి పక్కకు ఒదిగింది. చకోరి మాత్రం కదల్లేదు. ఆమె ముఖం మొదట వెలిగింది, తరువాత కందగడ్డయింది. వైడూర్యపురంలో వీధి గుమ్మాల దాకా సాగనంపిన ఆఖరి బిడ్డలందరి తరఫునా చెప్పవలసిన మాటలు ఆమె గొంతుదాకా వచ్చాయి. నోరు తెరిస్తే శిల. అందుకని తలుపును ఒక్క తన్ను తన్నింది. తరువాత రెండోది కూడా తన్నింది.

మూడో ద్వారం అద్దంలా ఉంది. దాని వెనక నాలుగోది, దాని వెనక గది, గదిలో స్ఫటికపు ఉయ్యాల మీద మధూలిక. మోకాళ్ళ దాకా ఆమె లేదు. అక్కడినుంచి కింద బూడిదరంగు పొగ మెలికలు తిరుగుతోంది. ఆమె అన్నను చూసి చెయ్యి ఎత్తింది. ఆ చేతి వేళ్ళ చివళ్ళు కూడా పొగలు కక్కుతున్నాయి.

"మధూ!"

"చిన్నవాడు బీడు దున్ని వేసిన పంట ఏది?" అంది తలుపు.

ఉదయకేతుడికి చెల్లెలు తప్ప మరేమీ కనబడ్డం లేదు. పంటా? జొన్న! చిన్నప్పుడు నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పలేదు, చిన్నరాజు జొన్నచేను కథ! ఏరువాకనాడు జొన్నకంకులు గుమ్మాలకు కట్టేదీ అందుకేగా! అతని నాలుక పళ్ళ వెనక్కి చేరింది. పెదవులు ‘జొ’ అని గుండ్రంగా తిరిగాయి.

పిల్లాడి పెదవులు తిరిగే తీరు చూసి తప్పు జవాబు కనిపెట్టడంలో వాగీశ్వరమ్మ జుట్టు నెరిసింది. ఆలోచించే వ్యవధి లేదు. "శాసనంలో లేదు!" అని కేక పెట్టింది.

అద్దం ముక్కలై రాలింది. జవాబు సరైనదే. కానీ ఆ కేకతో ఆవిడ నోరు ఖర్చయిపోయింది.

నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇక మిగిలింది ఒకే నోరు. కిటికీలోంచి దూకిన నోరు.

"సైగ చేసినా నోరు పెగిలినట్టే" అని హెచ్చరించింది సింహం, ఆ సంతోషం దాచుకోకుండా. వాగీశ్వరమ్మ కొంగు తీసి నోట్లో కుక్కుకుంది. అంతటితో ఆగక, గిర్రున తిరిగి గోడకేసి నిలబడింది. తన మొహం సంగతి ఆవిడకు బాగా తెలుసు.

నాలుగో తలుపు మంటల తెర. వేడికి యువరాజు కనుబొమలు ముడుచుకున్నాయి. మధూలిక నడుము దాకా పొగైపోయింది.

"వానలు వెలిసేదాకా చిన్నవాడి పొయ్యి ఎందుకు ఆరలేదు?"

శాసనంలో లేదు! అదే జవాబు. ఎందుకో ఎక్కడా రాయలేదు. ఉదయకేతుడు అలవాటుగా పంతులమ్మ వైపు తిరిగాడు. ఆవిడ వీపు, జడముడి, బిగబట్టిన భుజాలు. చదవడానికి అక్కడేమీ లేదు. ఇక మొహమంటూ ఉన్నది శాసనానికే. అతను దాని ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. జన్మలో మొదటిసారి ఒక వాక్యాన్ని, పక్కనున్న గుర్రాన్నీ పక్షినీ చూడకుండా, చివరిదాకా చదివాడు.

ఊళ్ళు మునిగాయి. ఊళ్ళంటే గోడలు కాదు, మనుషులు. వాళ్ళెక్కడికి పోతారు? కొండమీదికా? పెద్దవాడు కూర్చుని చూశాడు, చెయ్యి అందించినట్టు లేదు. నడిమివాడు తలుపు వేసుకున్నాడు. ఎవరూ రాకపోతే తలుపు వేసుకోవడం ఎందుకు? చిన్నవాడి ఇంట మాత్రం... మాత్రం! చంటిపిల్లలు కూడా ఊగుతూ దాటేసే ఆ చిన్న మాట, దండలో దారంలా ఒక్కసారి బయటపడింది.

"వండుతున్నాడు!" అని అరిచాడు ఉదయకేతుడు. "మునిగిన ఊళ్ళ జనం ఆ ఇంటికి వచ్చారు. వాళ్ళకు వండి పెడుతున్నాడు!"

"ఆ మాట నా మీద లేదే!" అంది సింహం. నిప్పునాలుక సాగి అతని మెడ చుట్టూ తిరిగింది. యువరాజు పాదాలు చల్లబడ్డాయి. మడమలు రాయవుతున్నాయి.

"జనం లేరు, విస్తళ్ళున్నాయి!" అన్నాడతను. సింహానికి అది అర్థం కాలేదు. "నడిమివాడు తలుపు వేసుకున్నాడంటే తట్టినవాళ్ళున్నారు! ‘మాత్రం’ అన్నావంటే తక్కిన ఇద్దరూ చేయనిది ఇతను చేశాడు! ఒక్క ఇంటికైతే పొయ్యి పూటకోసారి ఆరుతుంది. ఆరలేదంటే తినేవాళ్ళు వస్తూనే ఉన్నారు! మూడూ నీ మీదే చెక్కి ఉన్నాయి. కాదను చూద్దాం!"

సింహం నోరు తెరిచింది. మూసింది. కొండ పుట్టినప్పటినుంచీ మూయని నోరు అది. మంటల తెర దీపం ఆర్పినట్టు పోయింది. ఉదయకేతుడు పరుగున వెళ్ళి ఉయ్యాలలోంచి చెల్లెల్ని ఎత్తుకునేసరికి, పొగ గడ్డకట్టి నడుమైంది, మోకాళ్ళయింది, చివరికి మువ్వల పట్టీలతో సహా రెండు పాదాలైంది. సూర్యుడు స్తంభం నెత్తికి వచ్చాడు. వచ్చి ఏం లాభం!

"ఆగండి!"

పైకప్పు చీల్చుకుని పొగస్తంభంలా దిగాడు ధూమ్రకేశుడు. నేలమీద జీరాడే బూడిదరంగు జడలు, గోళ్ళకు విషపు పచ్చదనం. "లోపలికి వచ్చారు సరే. బయటికి పోవాలంటే నా ప్రశ్నకు జవాబు చెప్పాలి. చెప్పడానికి ఒక్క నోరైనా మిగిలిందా?" అని పగలబడి నవ్వాడు.

"నాది ఉంది" అంది మధూలిక, అన్న చేతుల్లోంచి దిగుతూ. బడిలో కిటికీ పక్కన కూర్చుని కూడా ఎన్నడూ దూకని పిల్ల ఆమె. "కానీ నేను జవాబు చెప్పను. అడుగుతాను. సింహమయ్యా, ఈ కొండ నియమం అందరికీ ఒకటేనా, మాంత్రికుడికి వేరేనా?"

"అందరికీ ఒకటే" అంది సింహం. ఆ మాట ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు.

"అయితే చెప్పు ధూమ్రకేశా. ఈ శాసనం చెక్కినవాడి మనసు ముగ్గురిలో ఎవరి వైపు ఉంది?"

మాంత్రికుడు ఈసడించాడు. "ఇదా ప్రశ్న! పెద్దవాడి వైపు. కొండలేలిన వంశం మాది. ఆయన వారసుణ్ణి నేను."

"ఏ మాటల వల్ల తెలిసింది?" అని అడిగింది సింహం, అలవాటు కొద్దీ.

"నేను చెబుతున్నాను, చాలదూ!"

చాలలేదు. గోళ్ళనుంచి మొదలైంది. మోచేతులు, భుజాలు, కోపంతో తెరిచిన నోరు, అన్నీ నల్లరాయి అయ్యాయి. జడలు మాత్రం రాయి కాలేదు. ఒక్కో పాయా విడిపోయి, నేలమీద పడి, మనిషై లేచింది. గొల్లపడుచు ఒకతె, పల్లకీ మోసే బోయీలు, కోమటి దంపతులు, పెళ్ళి బట్టల్లో ఒక వరుడు. చూస్తూ ఉండగానే ధూమ్రకేశుడు నున్నటి బోడిగుండు విగ్రహమై మిగిలాడు. వేదిక మీదా ద్వారాల పక్కనా ఉన్న శిలలకూ ప్రాణం వచ్చింది. వచ్చీ రాగానే ఎవరి సగం మాట వాళ్ళు పూర్తి చేశారు. "...న్నలు!" అని అరిచాడు ఒక సేనాని. "...చెంబెడు!" అన్నాడు ఒక పండితుడు. తరువాత ఒకరినొకరు చూసుకుని సిగ్గుపడి, కలిసి జయజయధ్వానాలు చేశారు.

కొండకు ఇక పని లేకపోయింది. అది కూలడం మొదలుపెట్టింది. లోపలివాళ్ళు తాడు పట్టుకుని లోయ దాటారు. జనమంతా కావలివాళ్ళను తొక్కుకుంటూ దిగువకు పరుగెత్తారు. వాళ్ళను దింపి చివర మిగిలిన అయిదుగురి కాళ్ళ కింద వేదిక ఫెళ్ళున విరిగింది. ఆ క్షణానే మాంత్రికుడి వాహనం, రెండు తలల గండభేరుండం, గొలుసులు తెంపుకుని పైకి లేచింది. చకోరి విప్పి తెచ్చుకున్న తాడు విసిరితే దాని కాలికి చుట్టుకుంది. అయిదుగురూ మేఘాల మీదికి ఎగిరి, ఎగబాకి, వెన్నెక్కారు!

కొండ దాటగానే నోళ్ళు తెరుచుకున్నాయి. అన్నీ ఒకేసారి.

"నా వాటా! మా నాన్న చెంబెడిచ్చి పొమ్మన్నాడు, అదీ విరిగిన పాలు! ఊళ్ళో అడుగు పెట్టనివ్వండి, ఒక్కొక్క పెద్దన్ననీ..." అని చకోరి.

"మొదట ఆ ఆచారమే మారుస్తాను, మాట" అన్నాడు యువరాజు. "అమ్మగారూ, విన్నారా నా జవాబు?"

"విన్నాను. జవాబు బాగుంది" అంది వాగీశ్వరమ్మ. కొంగుతో కళ్ళు తుడుచుకుని, అదే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. "అరుపులు ఎక్కువయ్యాయి. ఇంటికెళ్ళాక నెమ్మదిగా మరోసారి చెప్పు."

బండెన్న ఆనందం పట్టలేక పాటెత్తుకున్నాడు. అతని గొంతులో ఏదో మహిమ ఉంది. కుడివైపు తల, ఇంతవరకూ బుద్ధిగా వైడూర్యపురం కేసి సాగుతున్న తల, రెండు చరణాలకే కళ్ళు మూసి గుర్రుపెట్టింది. ఎడమవైపు తల మేలుకుంది. అది మెడ వంచి వెన్నుమీది బరువును తేరిపార చూసింది. దానికి మాటలొచ్చు.

"ఎవరు మీరు?"

అడ్డు లేని నోళ్ళు అయిదు. "వైడూర్యపురం యువరాజుని!" అన్నాడు ఉదయకేతుడు. "మాంత్రికుడుగారి చుట్టాలం!" అన్నాడు బండెన్న. "పందిట్లోకి పూలు తెచ్చాం" అంది చకోరి. "యాత్రికులం నాయనా" అంది వాగీశ్వరమ్మ. "మీ దొర బోడిగుండు చూసొస్తున్నాం" అంది మధూలిక. అయిదూ ఒక్కసారే.

ఎడమ తల అన్నీ శ్రద్ధగా విన్నది, ఒక్కటీ నమ్మలేదు. పడమటి సముద్రం వైపు తిరిగింది. రెక్కలు రెండూ ముడిచేసింది.

మేఘాలు పైకి దూసుకుపోయాయి. కింద నీలంగా, వెడల్పుగా, వేగంగా సముద్రం లేచి వస్తోంది. గాలి హోరులో ఉదయకేతుడు చెయ్యి చాచాడు. మరో చెయ్యి అందింది. వేళ్ళ చివళ్ళ దాకా వెచ్చగా, గట్టిగా, గాజులు ఒత్తుకునేంత నిజంగా ఉన్న చెయ్యి.

"అన్నయ్యా, వదలకు!" అని నవ్వుతూ అరిచింది మధూలిక.

అతను వదల్లేదు.